ఫ్యామిలీ ట్రీలో ఇంటిపేర్లు అన్నీ క్యాపిటల్స్‌లో రాయాలా?

వద్దండి, మామూలుగా మొదటి అక్షరం మాత్రమే క్యాపిటల్‌లో పెట్టండి. అన్నీ క్యాపిటల్స్‌లో రాయడం కాగితాల కాలం అలవాటు, పేజీలో ఇంటిపేరు చటుక్కున కనబడాలని అలా రాసేవాళ్లు. ఇప్పుడు ఇంటిపేరుకి వేరే గడి ఉంది, జెడ్‌కామ్ ఫైల్ (ఫ్యామిలీ ట్రీ వివరాలు ఒక ప్రోగ్రామ్ నుంచి ఇంకోదానికి పంపే ఫైల్) కూడా దాన్ని రెండు ఏటవాలు గీతల మధ్య విడిగా దాస్తుంది, కాబట్టి మన తెలుగువాళ్లలా ఇంటిపేరు ముందు రాసేవాళ్లకీ తికమక ఉండదు. అందరూ కలిసి ఫ్యామిలీ ట్రీ కట్టే వెబ్‌సైట్ వికీట్రీ కూడా క్యాపిటల్స్ వద్దనే అంటుంది.

అసలు నష్టం ఏంటంటే, క్యాపిటల్స్‌లో పేరు అసలు రూపం పోతుంది. మెక్‌డొనాల్డ్‌లో ‘ఎం’తో పాటు ‘డి’ కూడా పెద్దదే. డచ్ పేర్లలో ‘వాన్’ నెదర్లాండ్స్‌లో పేరు తర్వాత వస్తే చిన్న అక్షరంతో, బెల్జియంలో ఎక్కువగా పెద్ద అక్షరంతో మొదలవుతుంది, అంతా క్యాపిటల్స్ చేశాక ఏ కుటుంబం ఎలా రాసుకుందో తెలియదు. అందుకే ఒక్క నొక్కుతో అన్నీ మార్చే టూల్‌ని గుడ్డిగా నమ్మకండి, ఇలాంటి పేర్లు పాత రికార్డు చూసి చేత్తోనే సరిచేయండి. రికార్డులో ఉన్నది ఉన్నట్టు నోట్స్‌లో ఉంచండి. వేరేవాళ్లు చేర్చిన పేరైతే ముందు వాళ్లని అడగండి, ప్లీజ్.