“మీరు ఏ చర్చికి వెళతారు?” అని అడిగితే

అమెరికాలో అయోవా రాష్ట్రంలోని సీడర్ ర్యాపిడ్స్‌లో ఉద్యోగం వచ్చిన మనవాళ్లు ముందుగా అడిగేది ఒకటే: “అక్కడ అందరూ తెల్లవారేనట, మనం ఇమడగలమా?” సుమారు 1,37,000 జనాభా గల ఆ ఊళ్లో తెల్లవారే ఎక్కువ, నిజమే. కానీ వారంతా ఒకటే అనుకోకండి.

పందొమ్మిదో శతాబ్దంలో చెక్ కుటుంబాలు వచ్చి స్థిరపడ్డ పేట ఇప్పటికీ చెక్ విలేజ్‌గానే ఉంది. 2008 వరదల్లో అక్కడి చెక్, స్లోవాక్ మ్యూజియం మునిగితే, ఆ భవనాన్నే ఎత్తైన చోటికి జరిపి 2012లో మళ్లీ తెరిచారు. తాతల భాషను, వంటలను అంత పట్టుదలగా కాపాడుకునేవారికి మన ఆరాటం ఇట్టే అర్థమవుతుంది. ఇక సిరియా, లెబనాన్ ప్రాంతాల నుంచి వచ్చిన ముస్లింలు 1934లో కట్టుకున్న చిన్న చెక్క మసీదు ఇంకా నిలిచే ఉంది. మసీదుగానే కట్టి, నేటికీ నిలిచి ఉన్న భవనాల్లో అమెరికాలోకెల్లా పాతది అదే. న్యూయార్క్‌లో కాదు, మొక్కజొన్న చేల మధ్యనున్న ఈ ఊళ్లో!

పరిచయమైన కొద్దిసేపటికే “మీరు ఏ చర్చికి వెళతారు?” అని అడుగుతారు. కంగారు పడకండి. చాలాసార్లు అది మతం మార్చే ప్రయత్నం కాదు, మన ఊళ్లలో “మీరు ఎవరి తాలూకు?” అన్నట్టే. “మేము హిందువులం, గుడికి వెళతాం” అని హాయిగా చెప్పండి. ఊళ్లో గుడి ఉంది. పెద్ద ఉత్సవాలకు షికాగో దగ్గరి అరోరా బాలాజీ గుడికి కారులో మూడు, నాలుగు గంటల ప్రయాణం. ఎవరైనా మరీ పట్టుబడితే ఒక్కసారి మర్యాదగా “వద్దండీ” అంటే సరిపోతుంది.

చర్చివారు విందుకు పిలిస్తే మాత్రం వెళ్లండి. తలా ఒక వంటకం తెచ్చే భోజనం అది. పులిహోర బాగా నప్పుతుంది, కానీ గిన్నె పక్కన “వేరుశనగలు ఉన్నాయి” అని చీటీ తప్పక పెట్టండి. అవి పడనివారు అక్కడ ఉండవచ్చు. శాకాహారులైతే చిక్కుడు గింజల కూరలో పంది మాంసం ముక్కలు, వణికే రంగుల జెల్లీలో జెలటిన్ (జంతువుల చర్మం, ఎముకల నుంచి తీసేది) తరచు ఉంటాయని గుర్తుంచుకోండి. అడిగితే ఎవరూ నొచ్చుకోరు.

వీలైతే వేసవిలోనే చేరండి. నవంబరు దాటితే ఇరుగుపొరుగు వాకిట్లో కనబడరు, పరిచయాలకు మళ్లీ ఏప్రిల్ దాకా ఆగాలి.