బుట్టాకి ఆరు రంగులు, ఆకాశానికి రెండొందల యాభై ఆరు

పాఠకుల ప్రశ్నలు – మా జవాబులు

ప్రశ్న: పాత చీర మీది మామిడిపిందె బుట్టాని ఫోన్‌తో ఫొటో తీసి, జింప్ అనే బొమ్మలు దిద్దే సాఫ్ట్‌వేర్‌లో ఆరు రంగులకి తగ్గించాను. అంచుల వెంట చుక్కలు చుక్కలుగా వచ్చింది, జరీ రంగు అసలు లేకుండా పోయింది. ఇది మగ్గానికి పనికిరాదంటున్నారు. ఏం చెయ్యాలండీ? (బండారులంక)

జవాబు: వాళ్లన్నది నిజమే. ఆ చుక్కలు డిథరింగ్ వల్ల వచ్చినవి. పాలెట్‌లో, అంటే బొమ్మకి కేటాయించిన రంగుల పట్టీలో, లేని రంగుని, ఉన్న రంగుల చుక్కలు పక్కపక్కన పేర్చి ఉన్నట్టు చూపించే కిటుకు అది. ఫొటోకి మేలు, నేతకి చేటు. జకార్డు (డిజైన్ ప్రకారం పడుగు పోగుల్ని పైకెత్తే మగ్గపు సాధనం) మీద పిక్సెల్‌కి, అంటే బొమ్మలోని ఒక్కో గడికి, పోగునెత్తే ఒక హుక్కు లెక్క. ఒంటి చుక్క పడితే బుట్టా పోగు అక్కడొక్కచోట కనబడి, మిగతాదంతా చీర వెనక వేలాడుతుంది.

జరీ సంగతి వేరు. రంగుల ఎంపిక జింప్‌కే వదిలేస్తే, ఎక్కువ చోటు ఆక్రమించిన రంగులకే సాధారణంగా పెద్దపీట వేస్తుంది. మన కంటికి చీర ఒంటి ఎరుపు ఒకటే. కాని నీడ వల్లా, ఫైలు బరువు తగ్గించే జేపెగ్ కుదింపు వల్లా ఫైల్లో అది వందల ఎరుపులు. ఆరు స్థానాల్లో మూడో నాలుగో వాటికే పోతే, సన్నటి జరీ గీతకి ఇంక చోటేదీ?

అందుకని పాలెట్ మీరే చేసుకోండి. పాలెట్స్ కిటికీలో కొత్తది తెరిచి, మీ దగ్గరున్న నూలు రంగులు ఆరూ అందులో వేసుకోండి. తరవాత సైజు. 240 హుక్కులు, అంగుళానికి 80 పడుగు పోగులు, 60 పేకలు (అడ్డపోగులు) అనుకుందాం. బుట్టా వెడల్పు 3 అంగుళాలు. ఎత్తు 4 అంగుళాలు కావాలంటే 240 పేకలు. నిలువుపాటి పిందె తెర మీద 240×240 చదరంలో నొక్కేసినట్టు కనబడుతుంది. కంగారు పడి సరిచెయ్యకండి, నేశాక సాగి సరిపోతుంది. స్కేల్ ఇమేజ్‌లో గొలుసు గుర్తు విడదీస్తేనే ఆ కొలతలు పడతాయి.

ఈ సైజు కుదింపు రంగులు తగ్గించక ముందే జరగాలి. తగ్గించాక కుదిస్తే జింప్ పక్క పిక్సెళ్లని కలపదు, మధ్యలోవి వదిలేస్తుంది, సన్నగీతలు తెగిపోతాయి. సైజు కుదిరాక ఇమేజ్, మోడ్, ఇండెక్స్‌డ్‌లోకి వెళ్లి కస్టమ్ పాలెట్‌గా మీరు చేసుకున్నది ఎంచుకోండి. వాడని రంగులు తీసేయమనే టిక్కు తీసేయండి, డిథరింగ్ దగ్గర ‘నన్’ పెట్టండి. ఆపైన 800 శాతానికి పెద్దది చేసుకుని, మిగిలిన ఒంటి చుక్కలు పెన్సిల్‌తో పూడ్చాలి. ఈ పనికి అడ్డదారి లేదు. పీఎన్‌జీగానే దాచండి, జేపెగ్‌కి పాలెట్ ఉండదు, అందులో దాస్తే చేసిందంతా గోదాట్లో కలిసినట్టే.

ప్రశ్న: అంతర్వేదిలో తీసిన సూర్యాస్తమయం ఫొటోని జిఫ్‌గా మారిస్తే ఆకాశం మెట్లు మెట్లుగా వస్తోంది. జిఫ్‌కి ఉండే 256 రంగులు చాలవా? (రాజోలు)

జవాబు: చాలవు. ట్రూకలర్‌లో (పాలెట్ లేని మామూలు రంగుల ఫొటోలో) 1,67,77,216 రంగులకి వీలుంది. పసుపు నుంచి ఊదా దాకా జారే ఆకాశానికి పాలెట్‌లో ఏ నలభై రంగులో దక్కితే, ఒకటి ఆగి ఇంకొకటి మొదలయ్యేచోట గీత కనబడుతుంది. ఇక్కడ మాత్రం డిథరింగ్ పెట్టుకోవాలి, ఫ్లాయిడ్–స్టైన్‌బర్గ్ ఎంచుకోండి. అది చేసేదేమిటంటే: నలుపు 0, తెలుపు 255 మాత్రమే ఉన్నప్పుడు 100 విలువ పిక్సెల్ వచ్చిందనుకోండి. దాన్ని నలుపు చేస్తుంది, మిగిలిన 100ని పారెయ్యదు. కుడిపక్కకి 16లో 7 వంతులు, కింది వరసలో ఎడమకి 3, సూటిగా 5, కుడికి 1 పంచుతుంది. పక్క పిక్సెల్ కూడా 100 అయితే 143.75 అవుతుంది, తెలుపులో పడుతుంది. కాకపోతే చుక్కల వల్ల ఒకే రంగు వరసలు తెగి, జిఫ్ కుదింపు దెబ్బతిని ఫైలు బరువెక్కుతుంది. కదలని ఫొటోకి జిఫ్ ఎందుకసలు? జేపెగ్‌లోనే ఉంచండి.

ప్రశ్న: నల్లగుడ్డ మీద ఫొటో తీసిన లేసు బొమ్మని కత్తిరించి జిఫ్ చేశాం. లేతనీలం పేజీ మీద పెడితే చుట్టూ నల్లటి అంచు. (నరసాపురం)

జవాబు: జిఫ్‌లో పిక్సెల్ పూర్తిగా కనబడాలి, లేదా పూర్తిగా మాయమవ్వాలి, సగం పారదర్శకం కుదరదు. దారం అంచున నలుపు కలిసిన పిక్సెళ్లు అలాగే నిలిచిపోయాయి. ముందు ఎంపికని ఒక పిక్సెల్ లోపలికి కుదించి కత్తిరించండి. ఆపైన బ్యాక్‌గ్రౌండ్ రంగుగా ఆ లేతనీలమే పెట్టుకుని సెమీ-ఫ్లాటెన్ (సగం పారదర్శకమైన పిక్సెళ్లలో ఆ రంగు కలపడం) చేసి, అప్పుడు రంగులు తగ్గించండి. పేజీ రంగు మారుతూ ఉంటుందంటే జిఫ్ వదిలేసి, ట్రూకలర్ పీఎన్‌జీని పీఎన్‌జీక్వాంట్ అనే రంగులు తగ్గించే ప్రోగ్రామ్‌తో తగ్గించండి. పీఎన్‌జీ పాలెట్‌లో ప్రతి రంగుకీ విడిగా పారదర్శకత ఇవ్వొచ్చు, దారపు అంచులు మెత్తగా నిలుస్తాయి.