అప్‌గ్రేడ్ తర్వాత వైఫై లేదు, బ్రైట్‌నెస్ లేదు, హ్యాంగ్: బోర్డు మార్చే ముందు పాత కెర్నెల్‌తో బూట్ చేసి చూడండి

మీది 2013 ల్యాప్‌టాప్, ఉబుంటు (విండోస్‌లాంటి ఆపరేటింగ్ సిస్టమ్) 22.04 వెర్షన్ నుంచి 24.04కి మారారు, ఆ తర్వాత వైఫై కనపడటం లేదు, బ్రైట్‌నెస్ కీలు పనిచేయడం లేదు, మధ్యమధ్యలో హ్యాంగ్ అవుతోంది, అనంతపురంలో రిపేరు షాపతనేమో మదర్‌బోర్డు పోయిందన్నాడు. అంతే కదా? బోర్డుకు అడ్వాన్సు మాత్రం ఇవ్వకండి. నాకూ సరిగ్గా ఈ మూడే వచ్చాయి, మూడింటికీ మూడు కారణాలు, వాటిలో కొత్త ఉబుంటు తప్పు ఒక్కటే.

నాది కర్నూలు కలెక్టరేట్ దగ్గర జిరాక్స్, డీటీపీ షాపు. అర్జీలు టైపు చేయడానికి ఒక పాత ల్యాప్‌టాప్ ఉంది, 4 జీబీ ర్యామ్, పాతకాలం హార్డ్ డిస్కు, బ్యాటరీ పది నిమిషాలు కూడా నిలవదు. మే నెల మధ్యాహ్నం గిరాకీ ఉండదు కదా అని ఇన్వర్టర్ మీద నమ్మకంతో అప్‌గ్రేడ్ కొట్టేశాను. మన ఎండలకు, అదీ రేకుల షెడ్డు కింద, గంటన్నర సేపు ప్రాసెసర్‌ని, డిస్కుని ఊపిరాడకుండా పనిచేయించానన్న మాట. ఈ సంగతి మళ్లీ చెప్తాను, అసలు కిటుకు అక్కడే ఉంది.

ముందు చేయాల్సింది ఇది. ఆన్ చేయగానే షిఫ్ట్ నొక్కి పట్టుకోండి (యూఈఎఫ్ఐ, అంటే కొత్తరకం బయోస్ ఉన్న మెషిన్ అయితే ఎస్కేప్ ఒక్కసారి, అదే పనిగా కొడితే బూట్ మెనూ చూపించే గ్రబ్ అనే ప్రోగ్రామ్ నల్లటి ప్రాంప్ట్‌లో పడతారు). మెనూలో అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్‌లోకి వెళ్తే పాత కెర్నెల్ (హార్డ్‌వేర్‌ని నడిపించే ఉబుంటు గుండెకాయ) ఇంకా ఉంటుంది, దాన్ని ఎంచుకుని బూట్ చేయండి. 22.04 మొదట వచ్చింది 5.15తో, 24.04 వచ్చింది 6.8తో. నాది 5.15 మీదే ఉండిపోయింది కాబట్టి తేడా వెంటనే తెలిసింది. పాత కెర్నెల్‌లో బాగైపోతే అది కొత్త కెర్నెల్ గొడవ, అక్కడా అదే రోగం ఉంటే కెర్నెల్‌ని తిట్టుకుని లాభం లేదు. ఇది తేలేదాకా దయచేసి అక్కర్లేని ప్యాకేజీలు తీసేసే ఆటోరిమూవ్ కమాండ్ కొట్టకండి, పాత కెర్నెల్ కాస్తా ఊడ్చుకుపోతుంది. ఒకవేళ ఇప్పటికే కొట్టేసి ఉంటే పెన్‌డ్రైవ్‌లో 22.04 లేదా 22.04.1 వేసి (ఆ తర్వాతి 22.04 డిస్కుల్లో కొత్త కెర్నెల్ ఉంటుంది), ఇన్‌స్టాల్ చేయకుండా ట్రై ఉబుంటుతో చూడొచ్చు.

నాకు పాత కెర్నెల్‌తో బ్రైట్‌నెస్ ఒక్కటే తిరిగొచ్చింది.

బ్రైట్‌నెస్ సంగతి తేలిక. స్క్రీన్ మీద గీత పెరుగుతూ తగ్గుతూ ఉంటుంది కానీ వెలుతురు మారదు, అవునా? 6.1 కెర్నెల్ దగ్గర బ్యాక్‌లైట్‌ని ఏ డ్రైవర్ నడపాలో తేల్చే భాగాన్ని మార్చారు, కొన్ని పాత మెషిన్లలో ఆ ఎంపిక తప్పుతుంది. గ్రబ్ మెనూలో ఇ నొక్కి, లినక్స్ అని మొదలయ్యే లైను చివర ఏసీపీఐ అండర్‌స్కోర్ బ్యాక్‌లైట్ ఈక్వల్స్ నేటివ్ అని ఇంగ్లీషు చిన్నక్షరాల్లో రాసి, ఎఫ్10 కొట్టండి. అది ఆ ఒక్క బూట్‌కే, కాబట్టి భయం లేదు. కుదరకపోతే నేటివ్ బదులు వీడియో, అదీ కాకపోతే వెండర్. పనిచేసినదాన్ని ఈటీసీలో డీఫాల్ట్ కింద ఉండే గ్రబ్ ఫైల్లో పెట్టి అప్‌డేట్ గ్రబ్ కొట్టాలి.

వైఫై గురించి చెప్పాలంటే నాకే సిగ్గు. నాలుగు రోజులు డ్రైవర్లు వెతికాను. చివరికి టెర్మినల్లో ఆర్ఎఫ్‌కిల్ లిస్ట్ కొడితే హార్డ్ బ్లాక్డ్, యెస్ అని వచ్చింది. ల్యాప్‌టాప్ ముందు అంచున గోరంత స్విచ్ ఒకటి ఉంది, షాపులో పిల్లోడు తుడుస్తూ పక్కకు జరిపేశాడు, అంతే. మీరు ముందు ఇది చూడండి. సాఫ్ట్ బ్లాక్డ్ మాత్రమే యెస్ అని ఉంటే ఆర్ఎఫ్‌కిల్ అన్‌బ్లాక్ ఆల్ చాలు. రెండూ నో అని ఉంటే అప్పుడు డ్రైవర్ వైపు చూడాలి: ఫోన్‌ని కేబుల్‌తో పెట్టి యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చేస్తే నెట్ వస్తుంది, అడిషనల్ డ్రైవర్స్ తెరిస్తే మీ చిప్‌కి విడిగా ఏమైనా కావాలేమో అదే చూపిస్తుంది. సెక్యూర్ బూట్ ఆన్‌లో ఉంటే పాస్‌వర్డ్ అడుగుతుంది, రీస్టార్ట్‌లో వచ్చే నీలం స్క్రీన్‌లో ఎన్‌రోల్ మోక్ ఎంచుకుని అదే పాస్‌వర్డ్ ఇవ్వాలి. చాలామంది అక్కడ కంటిన్యూ కొట్టేసి డ్రైవర్ ఎక్కలేదంటారు.

ఇక హ్యాంగ్. ఇందాక చెప్తానన్నది ఇదే. రోజూ అర్జీలు టైపు చేసుకునే మెషిన్ డిస్కులో కొంత భాగాన్నే ముట్టుకుంటుంది. అప్‌గ్రేడ్ రోజున కొన్ని జీబీలు కొత్తగా రాస్తుంది, ఎప్పుడూ తెరవని పాత ఫైళ్లనూ కదిలిస్తుంది. డిస్కులో చెడిపోయిన సెక్టార్లుంటే అవి బయటపడేది ఆ రోజే, నింద మాత్రం ఉబుంటు మీద పడుతుంది. డిస్క్స్ అనే యాప్ తెరిచి, మెనూలో స్మార్ట్ డేటా, అంటే డిస్కు తన ఆరోగ్యం గురించి చెప్పే లెక్కలు, చూడండి. రీఅలొకేటెడ్ సెక్టార్, కరెంట్ పెండింగ్ సెక్టార్ అనే రెండు లైన్లు సున్నా ఉండాలి. నాది పెండింగ్ 40 చూపించింది, రెండు రోజుల్లో 64 అయింది. అంకె పెరుగుతోందంటే ఇంకేమీ ఆలోచించకండి, ఫైళ్లు కాపీ చేసుకోండి, ఆ తర్వాతే మిగతా ప్రయోగాలు. నేను చిన్న ఎస్ఎస్‌డీ వేయించాను. అప్పుడే ఫ్యాన్ విప్పించి చూస్తే, దుమ్ము ఆదోని యార్డులో పత్తిలా కుక్కుకుని ఉంది. సెన్సర్స్ కమాండ్‌లో 96 డిగ్రీలు చూపించేది, దుమ్ము తీసి ప్రాసెసర్ మీద థర్మల్ పేస్టు మార్చాక 70 దాటడం లేదు.

మీ స్మార్ట్ డేటాలో ఆ రెండు అంకెలూ, పాత కెర్నెల్‌తో మూడింటిలో ఏవి బాగయ్యాయో ఇక్కడే కింద రాయండి. డిస్కు బాగుండి, వేడి కూడా మామూలుగానే ఉండి, ఇంకా హ్యాంగ్ అవుతుంటే ర్యామ్ తీసి, పిన్నులు తుడిచి, మళ్లీ పెట్టించి చూద్దాం.