‘దర్శకత్వం వహించబడింది’ అనవచ్చా?

సందేహం: ‘మార్టీ’ అనే పాత హాలీవుడ్ ప్రేమకథ గురించి మా పత్రికకు రాస్తూ, "తక్కువ బడ్జెట్‌తో నిర్మించబడిన ఈ చిత్రం డెల్బర్ట్ మాన్ చేత దర్శకత్వం వహించబడి 1955లో విడుదల చేయబడింది. దీనికి నాలుగు ఆస్కార్లు ఇవ్వబడ్డాయి" అన్నాను. ఎడిటర్ గారు ‘బడు’లన్నీ కొట్టేశారు. వ్యాకరణపరంగా తప్పేమిటి?

సమాధానం: ఎడిటర్ గారు మంచి పనే చేశారు. అయితే అన్నీ ఒకే రకం తప్పులు కావు.

‘దర్శకత్వం వహించబడి’ అన్నది వ్యాకరణానికే నిలవదు. మాన్ వహించింది దేన్ని? దర్శకత్వాన్ని. కర్మ అదే, చిత్రమేమో ‘చిత్రానికి’ అని ‘కి’ తగిలించుకుని పక్కనుంటుంది. కర్మణి ప్రయోగంలో, అంటే ‘బడు’ చేర్చి చెప్పే వాక్యంలో, కర్మ కదా ముందుకు రావలసింది, మీ వాక్యంలో దాని చోట చిత్రం వచ్చి కూర్చుంది. ‘మాన్ దర్శకత్వం వహించిన చిత్రం’ అంటే సరిపోతుంది.

మిగతా మూడూ వ్యాకరణానికి ఒప్పే రూపాలే గానీ ఎవరి నోటా వినిపించవు. ‘ఇచ్చట సైకిళ్లు అద్దెకు ఇవ్వబడును’ అని బోర్డు పెట్టినవాడు కూడా మనం అడిగితే "ఇస్తాం" అనే అంటాడు. సినిమా విడుదలైంది, ఆస్కార్లు వచ్చాయి, కాన్ చిత్రోత్సవంలో అత్యున్నత పురస్కారం పామ్ దోర్ కూడా వచ్చింది. చేసిందెవరో చెప్పనక్కర్లేకపోతే ‘సుమారు మూడున్నర లక్షల డాలర్లతో తీశారు’ అని బహువచనం వాడితే చాలు. పాడీ చయెఫ్‌స్కీ రాసిన ఈ కథ అంతకుముందు, 1953లో, టీవీ నాటకంగా ‘ప్రసారమైంది’, అక్కడా ‘బడు’తో పనిలేదు.

అలాగని ‘బడు’ను వెలివేయమని నేననను. ఈ కథలో క్లారా అనే టీచర్‌ని డాన్స్ హాలుకు తీసుకొచ్చినవాడు వదిలించుకోవాలని చూస్తాడు. ఆమెను ‘తిరస్కరించిన అమ్మాయి’ అంటే కాదన్నది ఆమేనా, ఆమెనే కాదన్నారా అన్నది తేలదు. ‘తిరస్కరించబడిన’ అంటే అనుమానం తీరుతుంది. కానీ బాధ అనుభవించినవాళ్ల వైపు నుంచి చెప్పడానికి తెలుగులో ఇంతకంటే ప్రాణమున్న క్రియలున్నాయి, నాకు చాలా ఇష్టమైనవి: మాట పడడం, చీవాట్లు తినడం, అనిపించుకోవడం. న్యూయార్క్‌లోని బ్రాంక్స్‌లో మాంసం కొట్టులో పనిచేసే మార్టీకి 34 ఏళ్లు, తమ్ముడికి కూడా పెళ్లయిపోయింది, కొట్టుకొచ్చే ఆడవాళ్లంతా నీకింకా పెళ్లెందుకు కాలేదని నిలదీస్తుంటారు. ‘మార్టీ విమర్శించబడ్డాడు’ అని ఎవరైనా రాస్తే నాకు ప్రాణం ఉసూరుమంటుంది. ‘మార్టీ రోజూ మాటలు పడేవాడు’ అనండి, క్లారాను ‘కాదనిపించుకున్న అమ్మాయి’ అనండి.