మొలాసిస్ ఆకులకు కాదు, నేలకు

ప్రశ్న: పెరట్లో టమాటా, వంగ, మందారం, కుండీల్లో నిమ్మ పెంచుతున్నాం. మొలాసిస్ (చక్కెర మిల్లుల్లో మిగిలే నల్లటి పాకం) ఆకుల మీద కొడితే మొక్కలు ఏపుగా పెరుగుతాయని వీడియోలో చూసి, దాణా కొట్లో డబ్బా తెచ్చాను. లీటరు నీటికి 50 మి.లీ. కలిపి రెండుసార్లు పిచికారీ చేశాను. ఆకులు జిగటగా తయారై చీమలు ఎక్కుతున్నాయి. మందారం, నిమ్మ ఆకుల మీద నల్లటి మసి పట్టింది. నిమ్మ లేత ఆకులు పసుపుగానే ఉన్నాయి. మోతాదు చాలలేదా? మూడెకరాల చీని (బత్తాయి) తోటకూ కొట్టవచ్చా?
– ఒక రైతు, పులివెందుల

జవాబు: మోతాదు చాలకపోవడం కాదు, బాగా ఎక్కువైంది. చీని తోటకు మాత్రం కొట్టవద్దు.

50 మి.లీ. మొలాసిస్ దాదాపు 70 గ్రాములు తూగుతుంది. అందులో సగం దాకా చక్కెరే. ఆకు తనకు కావలసిన చక్కెరను ఎండలో తానే తయారు చేసుకుంటుంది. మనం పైన చల్లింది చాలావరకు ఆకు మైనపు పొర మీదే ఉండిపోతుంది. మీ దగ్గరి ఎండకు నీళ్లు ఆరిపోగానే మిగిలేది పాకమే. దాని మీద బతికే బూజే మీరు చూస్తున్న మసి తెగులు. తడిగుడ్డతో ఒక ఆకు తుడిచి చూడండి. నలుపు గుడ్డకు అంటుకుని కింద పచ్చటి ఆకు కనిపిస్తే ఆకుకు జబ్బేమీ లేదన్నట్టే. కాకపోతే మసి కప్పినన్నాళ్లు ఆకుకు ఎండ అందదు.

తప్పంతా మొలాసిస్ మీదకు నెట్టేముందు మందారం కొమ్మల చివర్లు, ఆకు తొడిమల మూలలు చూడండి. దూది అంటించినట్టు తెల్లగా ఉంటే అది పిండినల్లి. అది కార్చే తేనెలాంటి జిగురుకూ ఇలాగే మసి పడుతుంది. ఆ జిగురు కోసం చీమలు పిండినల్లిని కాపాడతాయి, దాన్ని తినే మిత్ర పురుగులను తరిమేస్తాయి. మీరు తీపి చల్లి ఆ చీమలను పిలిచి మరీ కూర్చోబెట్టారు. బాగా పట్టిన కొమ్మలను కత్తిరించి కాల్చేయండి. మిగతా వాటిని నీటి ధారతో గట్టిగా కడిగి, వేపనూనె (1500 పీపీఎం) లీటరుకు 5 మి.లీ. చొప్పున, కొద్దిగా సబ్బు నీళ్లు చేర్చి సాయంత్రం పూట కొట్టండి. గోడకు ఆనుకున్న కొమ్మలు తీసేస్తే చీమలకు దారి తెగుతుంది.

కుండీ మొక్కల మసిని తడిగుడ్డతో తుడిస్తే సరిపోతుంది. రేపు చీని చెట్లకు మసి వస్తే గంజి వాడతాం. కిలో మైదాను 5 లీటర్ల నీటిలో ఉడికించి, చల్లార్చి, 20 లీటర్లకు పలచన చేసి ఎండ కాసే రోజున కొడితే, ఆరిన గంజి పొరలుగా రాలుతూ మసిని కూడా తీసుకుపోతుంది. మబ్బు పట్టిన రోజు ఈ పని పెట్టుకోవద్దు.

నిమ్మ పసుపుకూ మొలాసిస్‌కూ సంబంధం లేదు. లేత ఆకుల్లో ఈనెలు పచ్చగా ఉండి మధ్య భాగం పసుపెక్కితే అది ఇనుము లోపం. నత్రజని లోపమైతే ముదురు ఆకులతో మొదలవుతుంది. సున్నం ఎక్కువున్న నేలల్లో, ఉప్పు నీటి బోర్ల కింద ఇనుము ఉన్నా వేరుకు అందదు. మీ బకెట్ అంచున తెల్లటి పొర కడుతుంటే కారణం అదే అయి ఉంటుంది. లీటరు నీటిలో ముందు 1 గ్రాము నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్), ఆ తర్వాత 5 గ్రాముల అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్) కరిగించి, వారానికోసారి చొప్పున రెండు మూడుసార్లు పిచికారీ చేయండి. ఏ పూటకు ఆ పూటే కలుపుకోండి. ద్రావణం తుప్పు రంగుకు మారితే పారబోయండి. చీని తోటలోనూ ఇదే పసుపు కనిపిస్తుంటే ముందు మట్టి, బోరు నీళ్లు రెండూ పరీక్షకు ఇవ్వండి.

మొలాసిస్‌లో పొటాష్ ఉంటుంది కదా అని కొందరు అడుగుతారు. ఉంటుంది, నూటికి మూడు నాలుగు పాళ్లు. ఆకు మీద కొట్టదగ్గ పలచన చేశాక మిగిలేది లెక్కలోకి రాదు. పొటాషే కావాలంటే 13-0-45 (పొటాషియం నైట్రేట్ ఎరువు) లీటరుకు 5 గ్రాములు కొట్టడం నయం.

మొలాసిస్ బాగా పనికొచ్చేది మట్టిలో, సూక్ష్మజీవులకు తిండిగా. ఆవు పేడ, మూత్రంతో చేసే జీవామృతంలో బెల్లం వేసేది అందుకే. కుండీలకైతే 10 లీటర్ల నీటికి అరకిలో ఆవు పేడ, అర లీటరు మూత్రం, 100 గ్రాముల బెల్లం లేదా మొలాసిస్, 100 గ్రాముల శనగపిండి, గుప్పెడు గట్టు మట్టి కలిపి రెండు రోజులు నీడలో ఉంచండి. పూటకోసారి కర్రతో కలిపి, వారంలోపు తడి మట్టి మీద పోసేయండి. పశువుల ఎరువు వేయకుండా ఉత్త మొలాసిస్ నీళ్లే పోస్తూ పోతే సూక్ష్మజీవులు విపరీతంగా పెరిగి మట్టిలోని నత్రజనిని తామే లాగేసుకుంటాయి. మొక్క పాలిపోతుంది, కుండీ పులిసిన వాసన కొడుతుంది.

డబ్బాలో ఇంకా మిగిలితే నీళ్లలో కలిపి ఎండుమేత మీద చల్లండి, పశువులు మేత వదలకుండా తింటాయి. ఒక్కో పశువుకు రోజుకు పావుకిలో దాటనివ్వకండి, ఎక్కువైతే విరేచనాలు పట్టుకుంటాయి.