మాల్టాలో షిప్పు ఆగే ఆ ఒక్క పగలు: టూరు కొనాలా, సొంతంగా తిరగాలా?

అడిగింది ఇది: ఎనిమిదిమంది స్నేహితులు మధ్యధరా క్రూజ్‌కి వెళ్తున్నారు, మాల్టాలో షిప్పు ఉదయం 8 నుంచి సాయంత్రం 5 దాకా ఆగుతుంది, షిప్పు వాళ్ల టూరు కొనుక్కోవాలా అక్కర్లేదా అని.

మాల్టా రాజధాని వలెట్టా ఒక్కటే చూడాలంటే టూరు శుద్ధ దండగ. షిప్పు కట్టేసేదే కోటగోడ కింద. ఆ గోడ ఎక్కితే ఊరే.

అసలు చిక్కు డబ్బు కాదు, టైము. 8కి రేవు చేరినా అనుమతులొచ్చి, లైను కదిలి, మీ కాలు నేల మీద పడేసరికి 9 అవుతుంది. తిరిగి ఎక్కాల్సింది 5కి కాదు, మామూలుగా అరగంట ముందే. ముందురాత్రి గదిలో పెట్టే కాగితంలో 'ఆల్ అబోర్డ్' అని ఉంటుందే, అదీ మీ అసలు గడువు. మిగిలేది ఏడున్నర గంటలు. ఎనిమిదిమంది గుంపంటే టాయిలెట్లకీ, ఫొటోలకీ, 'వాడేడీ?' అని వెతుక్కోడానికీ ఇంకో గంట తీసేయండి.

షిప్పు టైమూ ఒడ్డు టైమూ ఒకటే కావాలని రూలేం లేదు. ఫోను దానంతటదే ఒడ్డు టైముకి మారిపోతుంది. అందుకే ఒకరి చేతికైనా షిప్పు టైము పెట్టిన మామూలు వాచీ ఉండాలి. ఫోను సంగతి ఎలాగూ వచ్చింది కాబట్టి: సముద్రంలో అది షిప్పులోని శాటిలైట్ నెట్‌వర్కు పట్టుకుందంటే బిల్లు చూసి గుండె ఆగుతుంది. షిప్పు కదలకముందే ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టేయండి.

షిప్పు రేవులోకి వచ్చేటప్పుడు నిద్రపోకండి. పై డెక్కు మీద ముందుకి తిరిగి నిలబడితే కుడివైపు వలెట్టా, ఎడమవైపు బిర్గూ అనే పాత ఊరి కొసన సెయింట్ ఆంజెలో కోట. 1565లో తురుష్కుల ముట్టడిని సెయింట్ జాన్ నైట్లు (అప్పట్లో మాల్టాని ఏలిన క్రైస్తవ యోధులు) ప్రధానంగా కాచుకున్నది ఆ ఎడమవైపు నుంచి. వలెట్టా ఆ మరుసటి ఏడాది శంకుస్థాపన జరిగిన ఊరు. ఈ క్రమం బుర్రలో ఉంటే పైన కనిపించేదంతా అర్థమవుతుంది, లేకపోతే అన్నీ పసుపు రాళ్లే.

రేవు నుంచి గట్టు వెంబడి పది పదిహేను నిమిషాలు నడిస్తే బరాక్కా లిఫ్టు. 58 మీటర్లు, ఒక్కసారికి 21 మంది. రెండు పెద్ద షిప్పులు ఒకేరోజు వస్తే దీని లైనే గంట మింగుతుంది కాబట్టి మొదటి గుంపులోనే దిగండి. ముందు సెయింట్ జాన్ కో-కెథెడ్రల్ అనే పెద్ద చర్చికి వెళ్లండి. ఆదివారం సందర్శకులకి తెరవరు. భుజాలు, మోకాళ్లు కప్పుకోవాలి. సన్న మడమల చెప్పులతో రానివ్వరు, ఎందుకంటే కిందున్నవన్నీ పాలరాతి సమాధులు. లోపలి గదిలో ఇటలీ చిత్రకారుడు కరవాజ్జో 1608లో వేసిన 'సెయింట్ జాన్ శిరచ్ఛేదం' బొమ్మ ఉంది. అందరూ కత్తి పట్టినవాడిని చూసి వెళ్లిపోతారు. మీరు మెడ నుంచి కారిన రక్తపు మడుగు చూడండి: ఆ రక్తంలోనే సంతకం ఉంటుంది. ఆయన సంతకం పెట్టిన బొమ్మ ఇదొక్కటే. అదే ఏడాది గొడవలో ఇరుక్కుని, సెయింట్ ఆంజెలో కోటలో బందీ అయి, తప్పించుకుపోయాడు.

11:30కల్లా లిఫ్టు పైనున్న అప్పర్ బరాక్కా తోటకి తిరిగి రండి, పన్నెండుకి అక్కడ ఫిరంగి పేలుస్తారు. పన్నెండుకి ఒక్క నిమిషం ముందొస్తే కనిపించేది ముందువాళ్ల ఫోన్లే. కింది వరసలో ఫిరంగులు, పాతకాలం యూనిఫాంలో గన్నర్లు. సరిగ్గా 12కి ఒక్కటే దెబ్బ. పొగ ముందు కనిపిస్తుంది, ఆపైన చప్పుడు వెళ్లి ఎదురు గోడలకి తగిలి తిరిగొస్తుంది. తోటలోంచి చూడ్డానికి టికెట్టు లేదు. తప్పిపోతే సాయంత్రం 4కి ఇంకోటి ఉంది కానీ అప్పటికి మీరు షిప్పు దారిలో ఉండాలి. ఈ దెబ్బ తమాషాకి పుట్టలేదు. రేవులోని కెప్టెన్లు దీన్ని విని ఓడ గడియారం సరిచేసుకునేవాళ్లు. సముద్రంలో ఓడ ఎక్కడుందో లెక్కగట్టేది ఆ గడియారంతోనే: అది 4 సెకన్లు తప్పితే భూమధ్యరేఖ దగ్గర ఒక నాటికల్ మైలు తప్పినట్టే. ఇంత శ్రద్ధగా టైము కాచిన రేవులో మనవాళ్లు షిప్పుకి లేటు!

తర్వాత లిఫ్టు దిగితే బిర్గూకి పడవలున్నాయి, దాటడానికి కొద్ది నిమిషాలే. భోజనం అక్కడ చేయండి, రద్దీ తక్కువ. వానొస్తే మాత్రం వలెట్టా మెట్లవీధుల జోలికి వెళ్లొద్దు, అరిగిన సున్నపురాయి సబ్బులా జారుతుంది.

హైపోజియం అనే భూగర్భ సమాధుల గురించి ఎవరో చెప్పే ఉంటారు. విడతకి పదిమందినే పంపిస్తారు, టికెట్లు వారాల ముందే అయిపోతాయి. ముందుగా కొనకపోతే వదిలేయండి.

భారత పాస్‌పోర్టు వాళ్లకి ఒక్క మాట: దారిలో ట్యునీషియా ఉంటే షెంగెన్ (ఒకే వీసాతో తిరగగల ఐరోపా దేశాల ప్రాంతం) దాటి మళ్లీ లోపలికి వస్తున్నట్టే. సింగిల్ ఎంట్రీ వీసా చాలదు.

ఇక మీ ఎనిమిదిమందిలో ఒకరు 'మ్దీనా కూడా చూసేద్దాం' అంటారు, రాసిపెట్టుకోండి (మాల్టాలోనే ఉన్న పాత కోట ఊరు, సౌదీలోది కాదు). అది వలెట్టా నుంచి 12 కిలోమీటర్ల దూరం. బస్సు నిండితే స్టాపులో ఆగకుండా పోతుంది. అలా పట్టుబట్టినవాళ్లకి మాత్రం షిప్పు వాళ్ల టూరే కొనిపెట్టండి. ఆ టూరు బస్సు లేటైతే షిప్పు ఆగుతుంది, సొంతంగా వెళ్లినవాళ్ల కోసం ఆగదు. ఏదైనా అయితే ఫోన్ చెయ్యాల్సిన రేవు ఏజెంటు నంబరు ఆ గదిలోని కాగితం మీదే ఉంటుంది. దిగేముందు ఎనిమిదిమందీ దాన్ని ఫొటో తీసుకోండి.