నీళ్ల ప్రాజెక్టు మానిపించి ఈవీ కోర్సులో చేర్పించాలా?

ప్రశ్న: మా అబ్బాయి విశాఖపట్నంలో మెకానికల్ ఇంజనీరింగ్ చివరి సంవత్సరం చదువుతున్నాడు. డీజిల్ ఇంజను పీల్చుకునే గాలిలో నీటి తుంపర కలిపితే దహనం ఎలా మారుతుందన్న ప్రాజెక్టు తీసుకున్నాడు. డీజిల్‌కే కాలం చెల్లుతున్నప్పుడు ఇది మానిపించి, ఈవీ (విద్యుత్ వాహనాల) కోర్సులో చేర్పించడం మంచిదేమో చెప్పగలరు. – ఒక తండ్రి, గాజువాక

సమాధానం: మీరు అడిగింది కోర్సు గురించే అయినా, మీ అసలు బెంగ అబ్బాయి రేపు ఖాళీగా కూర్చుంటాడేమోనని. ప్రాజెక్టు పేరులో డీజిల్ ఉన్నంత మాత్రాన ఉద్యోగావకాశాలు పోవు. డబ్బిచ్చి ప్రాజెక్టు కొనుక్కున్నవారే ఇంటర్వ్యూలో రెండో ప్రశ్నకు దొరికిపోతారు.

ఇది నీటితో బండి నడిపే గారడీ కాదు. గాలితోపాటు వెళ్లిన తుంపర ఆవిరవుతూ వేడిని లాక్కుంటుంది, ఆ ఆవిరి కొంత ఆక్సిజన్ చోటును ఆక్రమిస్తుంది, దాని విశిష్టోష్ణం (ఒక డిగ్రీ వేడెక్కడానికి కావలసిన వేడి) కూడా గాలికంటే ఎక్కువ కావడంతో మంట గరిష్ఠ ఉష్ణోగ్రత తగ్గి, నైట్రోజన్ ఆక్సైడ్లనే కాలుష్య వాయువులు తగ్గుతాయి. అయితే ఇంధనం అంటుకోవడం ఆలస్యమవుతుంది. నీరు మోతాదు మించితే కార్బన్ మోనాక్సైడ్, కాలని హైడ్రోకార్బన్లు పెరుగుతాయి. ఆవిరికాని నీరు సిలిండర్ గోడలకు చేరితే ఇంజను ఆయిల్ పాడవుతుంది. ఓడల ఇంజన్లలో ఈ పద్ధతిని నిజంగానే వాడారు. 2016 జనవరి 1 నుంచి నిర్మించిన ఓడలకు ఉత్తర అమెరికా నియంత్రిత జలాల్లో ఈ నైట్రోజన్ ఆక్సైడ్ల పరిమితి, నిమిషానికి 130 చుట్లలోపు తిరిగే ఇంజన్ల విషయంలో, కిలోవాట్ అవర్‌కు 14.4 గ్రాముల నుంచి 3.4కు దిగింది. సాధారణంగా నీరొక్కటే అంత తగ్గించలేదు కనుక, పొగగొట్టంలో ఉత్ప్రేరకం వంటి ఇతర పద్ధతులు కూడా కావాలి. ఇలా లాభనష్టాలను కొలిచి తూచడమే ఇంజనీరు పని.

మన ఊరి గాలి సంగతే చూడండి. 30 డిగ్రీల వేడి, 75 శాతం తేమ ఉన్న రోజున కిలో పొడి గాలి వెంట సుమారు 20 గ్రాముల నీరు ఉంటుంది. ఉద్గారాల లెక్కలను సరిచేసేందుకు వాడే ప్రామాణిక తేమ 10.71 గ్రాములు. అంటే మీ వాడు ఒక్క చుక్క చల్లకముందే ఇంజను ప్రమాణానికి దాదాపు రెట్టింపు నీటిని పీల్చుకుంటోంది. గాలిలో తేమను తెలిపే తడిబల్బు, పొడిబల్బు థర్మామీటర్ల రీడింగులు రాసుకోకుండా జనవరి ఫలితాన్ని ఆగస్టు ఫలితంతో పోలిస్తే ఆ ప్రాజెక్టుకు విలువ లేదు. ఆ తేమ సవరణ తానే చేసి వైవాలో వివరించగలిగితే, ఆ నేర్పు బ్యాటరీల పరీక్షలోనూ పనికొస్తుంది.

ఈవీ రంగంపై నాకు అనుమానం లేదు, దాని పేరు చెప్పి అమ్ముడవుతున్న కోర్సులపైనే ఉంది. బ్యాటరీ సెల్‌ను చేతికిచ్చి ఛార్జి, డిశ్చార్జి చేయించి, అది ఎంత వేడెక్కిందో కొలిపిస్తారా, లేక స్లైడ్లు చూపించి సర్టిఫికెట్ ఇస్తారా? సెకండ్ హ్యాండ్ బైకు కొనాలన్నా నలుగురిని విచారించే మనం, ఫీజు కట్టేటప్పుడు ఈ మాట అడగం. రైల్వే విద్యుదీకరణతో డీజిల్ లోకోల పని తగ్గుతున్న మాట నిజమే. కానీ ఓడలు, జనరేటర్లు రేపు మిథనాల్‌కు మారినా లోపల జరిగేది దహనమే.

కోపగించుకోకండి, మీ ప్రశ్నలో అబ్బాయి ఏమంటున్నాడో ఒక్క మాటా లేదు. పరీక్షలయ్యాక అతనే కోరితే, పని నేర్పే చోటు చూసి ఈవీలో చేర్పించండి. ఈలోగా ల్యాబ్‌లో ఇంజను ఖాళీగా దొరికే వేళ రీడింగులు పూర్తి చేసుకోనివ్వండి.